సోఫారావు పెరటి బేరం

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లో నిలబడి, దీనిమీద ఒక ముక్కాలి పీటంత ఖర్చు పెడితే చాలని సోఫారావు నిశ్చయించుకున్నాడు.

అతని అసలు పేరు అది కాదు. ఫర్నిచర్ షాపులో ఏ సోఫా ఎక్కడ ఉంటే జనం ఆగుతారో చూసే ఉద్యోగం అతనిది. ఆ ఉద్యోగంలో పడ్డాక డబ్బు అతనికి అంకెల్లో కనబడటం మానేసింది. పాలబిల్లు అంటే దిండు. కరెంటు బిల్లు అంటే టీపాయ్. తన పెళ్ళికి మూడు బీరువాలు ఖర్చయ్యాయని, అందులో ఒకటి వీడియోవాడే మింగాడని ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఇల్లు అమ్మాలి. భార్య హెడ్ నర్సు. ఆవిడ ఆసుపత్రిని ఊరికి ఆ చివరకు మార్చేశారు. తెల్లారకముందే లేచి రెండు బస్సులు మారి వెళ్ళే ఆవిడ, నిలబడి నిద్రపోవడంలో గుర్రాలకు పాఠాలు చెప్పే స్థాయికి చేరింది. ఆసుపత్రి పక్కనే ఒక ఫ్లాటు చూసుకున్నారు. దాని ఓనరు నెలాఖరు వరకే ఆగుతానన్నాడు. ఈ ఇల్లు పోతేగాని ఆ ఫ్లాటు రాదు. ఈ ఇల్లేమో పోవడం లేదు. వచ్చినవాళ్ళు హాలు చూసి తలూపుతారు, వంటగది మెచ్చుకుంటారు, పెరటి తలుపు తీయగానే ఫోను మోగినట్టు నటించి వెళ్ళిపోతారు. పెరట్లో పిచ్చిమొక్కలు మనిషెత్తు పెరిగాయి. పోయినేడు ఒక పిల్లి అందులోకి వెళ్ళింది, మళ్ళీ కనబడలేదు.

"పెరడు బాగుచేయించండి సార్, ఒకటి పెడితే రెండొస్తాయి," అన్నాడు బ్రోకరు. "మితిమీరితే మాత్రం అసలుకే ఎసరు."

"మితమంటే ఎంతండీ?"

"సరిపోయినంత సార్." తన కమీషను దగ్గర తప్ప బ్రోకరు నోట అంకె రాదు.

అంకె భార్యే చెప్పింది. "పీట. ముక్కాలి పీట. నాలుగో కాలు కనబడిందో, చూస్కోండి!"

"నామీద నమ్మకం లేదుటే?"

"మీమీద ఉంది. పక్కన మా తమ్ముడున్నాడుగా, అదీ భయం."

ఆ తమ్ముడు, అంటే బావమరిది, ఫోనులో వీడియోలు చూసి ఏ పనైనా నేర్చుకోగల మేధావి. చివరిదాకా చూసిన వీడియో మాత్రం ఒక్కటీ లేదు.

పిచ్చిమొక్కలు కొట్టించారు. పిల్లి బయటికొచ్చింది, సంసారంతో సహా. అద్దె బాకీ అడుగుతారనుకుందో ఏమో, ఒక్క గంతులో గోడ దూకింది. ఖాళీ నేలమీద సోఫారావు తన వృత్తి రహస్యం ప్రయోగించి ఒక కుర్చీ వేశాడు. కుర్చీ ఉంటే మనిషి తనను తాను అందులో ఊహించుకుంటాడు, ఊహించుకున్నవాడు కొంటాడు. లెక్క ఇంకా పీట దాటలేదు.

"బాబూ!" అని పక్కింటి మేడమీంచి కేక. రిటైరైన రైల్వే గార్డుగారు. ఆయన ఇల్లు కూడా రెండేళ్ళుగా అమ్మకానికి ఉంది, బోర్డుమీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి. "ఒంటరి కుర్చీ ఏంటయ్యా, ఎవరో పోయినట్టుంది! పక్కన ఇంకోటి పడెయ్!"

నిజమే అనిపించింది. రెండో కుర్చీ వచ్చింది. రెండు కుర్చీలున్నాక మధ్యన బల్ల లేకపోతే ఇద్దరూ పోట్లాడుకున్నట్టుంది. బల్ల వచ్చింది. మట్టిలో అది ఊగుతోంది. రాళ్ళు పరిపించారు. రాళ్ళు మెరిసేసరికి వెనక గోడ దిష్టిబొమ్మలా కనబడింది. రంగేయించారు. గోడ తెల్లబడ్డాక నేల నల్లబడింది. చాపల్లా చుట్టి అమ్మే పచ్చిక తెచ్చి పరిచారు.

"ఆ మూల గులాబీలు పడాలి బాబూ!" అని గార్డుగారు పైనుంచి విజిల్ వేసేవారు. విజిల్ వినబడితే సోఫారావు కదలకుండా ఉండలేడు. రైలు కూడా ఉండలేదు కదా.

"ఎంతదాకా వచ్చింది?" అని రోజూ అడిగేది భార్య, చెప్పులు విప్పకుండానే.

"పీటేనే. కాస్త పెద్ద పీట."

అప్పటికది చేతుల కుర్చీ దాటి, ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ దాటింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. సోఫారావు షాపు మేనేజరుకు ఫోను చేసి, "సార్, అర్జెంటుగా ఒక సోఫా సెట్టు సర్దండి, జీతంలో కోసుకోండి," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఫర్నిచర్ అమ్ముతున్న మేనేజరు దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎలా అనుకుంటాడు?

కొనేవాళ్ళు ఆదివారం వస్తున్నారని బ్రోకరు కబురు పెట్టాడు. ఆ పొద్దున్నే భార్య డ్యూటీకి వెళ్ళిపోయింది. గులాబీలకు పైపు వేద్దామని బావమరిది గునపం పట్టాడు. వీధిలో షాపు వ్యాను ఆగింది. నలుగురు మనుషులు ఎర్ర వెల్వెట్ సోఫా సెట్టు దించి, హాలు గుమ్మంలో పట్టకపోయేసరికి, పక్క సందులోంచి మోసుకొచ్చి పచ్చిక మీద పెట్టేశారు.

"నేనడిగింది డబ్బు రా నాయనా!" అని సోఫారావు నెత్తి కొట్టుకున్నాడు.

"సంతకం పెట్టండి సార్," అన్నారు వాళ్ళు.

అంతలో వెనకనుంచి దబ్బుమని చప్పుడు, ఆపైన జలపాతం. గునపం నేరుగా మెయిన్ పైపులో దిగింది. నీళ్ళు తాటిచెట్టంత లేచి, గుంట నిండి, పచ్చికలోకి పొర్లాయి.

"బావా, కంగారుపడకు! వీడియోలో దీన్నే కొలను అంటారు!"

"ఆపడం చెప్పలేదా వీడియోలో?"

"అంతదాకా చూళ్ళేదు బావా."

గేటు దగ్గర బ్రోకరు. వెనకాల నిద్రకళ్ళ బట్టతలాయన, ఆయన భార్య. ఇల్లు చూశారు, తలూపారు, వంటగది మెచ్చుకున్నారు. బ్రోకరు పెరటి తలుపు తీశాడు. సోఫారావు కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ! ఫౌంటెనా!" అంది ఆవిడ.

"దాని పక్కన సోఫానా!" అన్నాడు ఆయన. కూర్చున్నాడు కూడా. నీటి తుంపర మొహాన పడుతుంటే ఆయన నిద్రకళ్ళు మొదటిసారి విచ్చుకున్నాయి.

సోఫారావు గాల్లో తేలిపోయాడు. మనసులోనే ఇల్లు అమ్మేశాడు, ఫ్లాటులో చేరిపోయాడు, బాల్కనీలో బట్టలు కూడా ఆరేశాడు.

అప్పుడు పైనుంచి విజిల్ మోగింది. "సార్! ఇక్కణ్ణించి చూడండి, ఇంకా బావుంటుంది! పైకి రండి!"

వాళ్ళు వెళ్ళారు. బ్రోకరు కూడా వెళ్ళాడు. వాళ్ళకని పెట్టిన కాఫీ చల్లారింది. సోఫారావు దాన్ని వేడిచేశాడు. మళ్ళీ చల్లారింది. మూడోసారి వేడిచేస్తుంటే గార్డుగారే స్వయంగా దిగొచ్చి అతన్ని కావలించుకున్నారు.

"అమ్ముడైపోయింది బాబూ!"

"మా ఇల్లేనా?"

"మా ఇల్లు! నీళ్ళు పోయక్కర్లేదు, కలుపు తియ్యక్కర్లేదు, చూడ్డానికి మాత్రం తోట. అంతకంటే ఎవడిక్కావాలయ్యా అన్నాడాయన. రెండేళ్ళుగా వచ్చినవాడల్లా మేడెక్కడం, నీ పెరడు చూడ్డం, దిగిపోవడం. దాన్ని బాగుచేయిస్తే నాకెంతవుతుందా అని లెక్కలేసుకుని నిద్రపోయేవాణ్ణి కాదనుకో. దేవుడిలా నువ్వే చేశావు!"

సాయంత్రం భార్య వచ్చింది. విషయమంతా నిలబడే విని, ఎర్ర సోఫాకేసి, ఇంకా చిమ్ముతున్న గుంటకేసి, గోడకానుకుని ఫోను చూస్తున్న తమ్ముడికేసి చూసింది.

"ఎంతైంది?"

"బెడ్‌రూం సెట్టు," అన్నాడు సోఫారావు నేలచూపులు చూస్తూ. "డ్రెస్సింగ్ టేబుల్‌తో."

ఆవిడ చెప్పులైనా విప్పలేదు. ఆ కొన్నాయన ఇంకా మేడమీదే ఉన్నాడని తెలిసి, నాలుగు కడిగేసి వస్తానని కొంగు బిగించి వెళ్ళింది. కాసేపు అరుపు వినబడింది. తర్వాత అరుపు ఆగింది. ఆ తర్వాత నవ్వు. సోఫారావుకు నవ్వే ఎక్కువ భయమేసింది.

"ఆయనెవరో తెలుసా?" అంది వస్తూనే. "మా సూపరింటెండెంటు! ఆసుపత్రికి ఎంత దూరంగా ఉంటే అంత నిద్ర పడుతుందని ఇక్కడ కొనుక్కున్నారట. రోజూ కారులో వెళ్తారట, నన్నూ రమ్మన్నారు. ఇంక ఫ్లాటూ వద్దు, బస్సులూ వద్దు. ఇల్లు అమ్మే పనే లేదు."

"బతికించారు!" అన్నాడు సోఫారావు, ఎర్ర సోఫాలో కూలబడుతూ. అది అప్పటికే కుంచెడు నీళ్ళు పీల్చుకుని ఉంది.

"ఒక్కటే అడిగారు. తోట ఎండిపోకూడదట."

మర్నాటి నుంచి ఆవిడ తెల్లారేదాకా హాయిగా పడుకుంటోంది. కారు మాత్రం సోఫారావు మొక్కలన్నీ తడిపాకే స్టార్టవుతోంది.