అభ్యర్థి గారి జన్మస్థల నిర్మాణం

పెన్సిల్వేనియాలో ఆ ఏటి ఎన్నికలకు మూడు వారాల ముందు, మొక్కజొన్న రైతు అబైజా స్ప్రాగ్ గారు తాము పుట్టిన గుడిసెకు పునాది వేయించారు. అప్పటికి వారి వయసు నలభై ఆరేళ్లు. ఆలస్యమైన మాట నిజమే. కానీ అంతకుముందు వారికి గుడిసెలో పుట్టాల్సిన అవసరం పడలేదు.

అవసరం పార్టీ పెద్దల వల్ల వచ్చింది. వాళ్లు ఆయన రెండంతస్తుల ఇటుక ఇల్లు చూసి నిట్టూర్చారు.

"మేడలో పుట్టినవాడికి ఓటెవడేస్తాడయ్యా? దుంగల గుడిసెలో పుట్టావా, సరే సరి. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటాం."

అబైజాకు వెనక్కి తగ్గే దారి లేదు. దున్నే ఎద్దుల జతను అమ్మేసి శాసనసభకని నల్లకోటు, పొడుగు టోపీ అప్పటికే కొనేశాడు. ఓడిపోతే ఆ కోటుతోనే తను కాడి కింద మెడ పెట్టాలి.

"పుడతానండీ," అన్నాడు.

ఆ ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా ఊరంతా గొడ్డళ్లతో వచ్చి సాయం పడుతుంది. నలభైమంది వచ్చారు. ఒక పీపా ఆపిల్ సారా ఖాళీ అయ్యేసరికి గుడిసె లేచింది. పొరుగు రైతు లెవీ హాప్‌గుడ్ పచ్చి దుంగలకు మసి పూసి, వాటికి నలభై ఆరేళ్లు తెప్పించాడు. అబైజా గడప పట్టుకుని, "ఇక్కడే పాకానర్రా!" అని భోరుమన్నాడు. ఏడుపు మాత్రం అసలైనదే.

ఇది విని, ప్రత్యర్థిగా నిలబడ్డ వకీలు తాను పైకప్పు లేని గుడిసెలో పుట్టానని ప్రకటించాడు. అబైజా మనుషులు వెంటనే సగం కప్పు పీకేశారు. మంచు కురుస్తుండగా పుట్టానన్నాడు వకీలు. పార్టీ తీర్మానం చేసి అబైజా పుట్టినరోజును జూన్ నుంచి జనవరికి మార్చింది.

ఈ ఏర్పాట్లన్నీ అబైజా తల్లి తబితాకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు. ఎన్నికల సభ రోజున ఆమెను గుడిసె ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఒరేయ్ అబైజా, ఈ పాక ఎవరిదిరా? నిన్ను కన్నది మన ఇంటి మేడగదిలో కదరా! పట్నం నుంచి డాక్టరు కూడా వచ్చాడు."

అబైజాకు మెడ మీద కాడి బరువు తెలిసింది.

అప్పుడు లెవీ ముందుకొచ్చాడు. అరచేతులకు దుంగల జిగురు ఇంకా వదల్లేదు. టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, పెద్దమ్మకు మతి తప్పింది. ఇక్కడే కన్నావు కదమ్మా!"

"కన్నది నేనురా!"

"చాలా ఏళ్లయింది కదా పెద్దమ్మా, నీకెలా గుర్తుంటుందిలే."

జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. అబైజా గారు ఆరువందల ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఇంత తెలివిగా ఎలా ఎన్నుకున్నారని పొరుగూరివాళ్లు అడిగితే లెవీ ఛాతీ విరుచుకున్నాడు.

"మేం ఎవడో చెప్పింది నమ్మి ఓటేసే రకం కాదు. ఆ గుడిసెను మా కళ్లతో చూశాం, మా చేతులతో తడిమి చూశాం. ఆ తర్వాతే వేశాం."