లామాన్ తెరుస్తున్నాను, రండి

శనివారం పొద్దున షర్కావీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫజర్ నమాజు చేసుకోవాలి, కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవాలి, తన కొత్త బ్లాగుకు ఎంతమంది వస్తున్నారో చూసుకుంటూ మురిసిపోవాలి. ఇందులో ఎవరికీ హాని లేదు, కనీసం ఆయన అలాగే అనుకున్నాడు.

షర్కావీ మలేషియాలోని క్వాలా కంగ్సార్‌లో నీటి సరఫరా ఆఫీసు గుమాస్తా. అది జీతం కోసం. ప్రాణం మాత్రం కంప్యూటర్ల మీద. చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి, విప్పి, తుడిచి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదో ఎక్కించి, బతికించి పంపేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. అందుకని ఊళ్ళో ఆయనకు మంచివాడని పేరు, ఇంట్లో చాదస్తుడని పేరు. ఈ వైద్యాలన్నీ రాసుకోవడానికే బ్లాగు మొదలుపెట్టాడు. భార్య రోకియా దృష్టిలో మాత్రం అది చచ్చిన పెట్టెలకు సంతాప సభ.

బ్లాగు అంటే ఊళ్ళో ఎవరికి అర్థమవుతుంది? అందుకని ఆయన చక్కని మలయ్ మాట వాడాడు, లామాన్ అని. కంప్యూటర్‌లో తెరిచి చదివే పేజీని లామాన్ అంటారు. ఇంటి ముందు కోళ్ళు తిరిగే ముంగిలిని కూడా లామాన్ అనే అంటారు. ఈ రెండో సంగతి పుట్టిన దగ్గర్నుంచీ తెలిసినా, శుక్రవారం సాయంత్రం ఆయనకు గుర్తు రాలేదు. సెల్‌ఫోనును తీగతో కంప్యూటర్‌కు తగిలించి ఇలా సందేశం రాశాడు: ‘అస్సలాము అలైకుం. రేపు పొద్దున నా కొత్త లామాన్ తెరుస్తున్నాను. అందరూ వచ్చి, చూసి, నాలుగు మాటలు చెప్పి వెళ్ళండి. మీరు వస్తే మా ఇంటిల్లిపాదికీ సంతోషం.’ చివర బ్లాగు చిరునామా చేర్చాడు. కంప్యూటర్ పిచ్చి ఉన్న నలుగురైదుగురు స్నేహితులకు పంపమని కొత్తగా దించుకున్న సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాడు.

ఉచిత సాఫ్ట్‌వేర్ కదా, ఉదారంగా పనిచేసింది. ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ పంపింది. సందేశం పొడవైందని తోక కత్తిరించింది, చిరునామా ఉన్నది ఆ తోకలోనే. పంపి పంపి ఫోను స్పృహ తప్పింది. ఇంటి ఫోను మీదే ఇంటర్నెట్ వచ్చే రోజులవి, ఆయన బ్లాగుకు మెరుగులు దిద్దుతూ కూర్చున్నంతసేపూ ఆ ఫోనూ కలవలేదు. కొత్త ముంగిలికి పిలుపంటే విందేనని అనుకుని, అదేం విందు, ఎందుకు విందు అని అడగబోయిన వాళ్ళంతా, సరే వెళ్ళే కనుక్కుందాం అనుకుని పడుకున్నారు.

మొదట వచ్చింది పక్కింటి మక్ బీబా. చేతిలో కత్తిపీట, చంకలో పనసకాయ. పెరటి గుమ్మంలోంచి తిన్నగా వంటింట్లోకి వచ్చి కింద చతికిలబడి ఉల్లిపాయలు లాక్కుంది. కంపుంగుల్లో, అంటే మలయ్ పల్లెల్లో, ఎవరింట కెందురి విందు ఉన్నా అంతే, వండి పెట్టడానికి ఊరంతా ముందే దిగుతుంది.

"ఏంటి మక్ బీబా, ఇంత పొద్దున్నే?" అంది రోకియా.

"చాల్లే నటించకు. మీ ఆయన ఊరంతా పిలిచాడు. నువ్వు మాత్రం గోడ పక్కనున్న నన్ను ఒక్క మాట పిలిచావా? నేను సిగ్గులేనిదాన్ని కాబట్టి వచ్చా. కూరకి కొబ్బరికాయలు ఎన్ని కొట్టావ్?"

తన ఇంట్లో విందు సంగతి తనకే తెలియదని ఒప్పుకోవడం రోకియా రక్తంలో లేదు. "కొడతాం, కొడతాం. మంచి కాయలు ఏరుతున్నా," అని చేతిలో గరిటతోనే కంప్యూటర్ ఉన్న గదిలోకి నడిచింది.

"అబాంగ్, జనం వస్తున్నారు."

భర్త కుర్చీలో ఎగిరి కూర్చున్నాడు. బ్లాగుకు ఎంతమంది వచ్చారో చూపించే గడిలో ‘ఒకటి’ అని ఉంది. ఆ ఒకటీ ఆయనే. "నిజంగానా? ఇక్కడ కనబడటం లేదే!"

"అక్కడెందుకు కనబడతారు? మక్ బీబా వచ్చేసింది."

"మక్ బీబాకి కూడా ఇవన్నీ తెలుసా!"

"ఆవిడకి తెలుసు. నాకే తెలీదు. అసలు ఎంతమంది వస్తారు?"

"అదెవరు చెప్పగలరు? నలుగురూ రావచ్చు, ప్రపంచమంతా రావచ్చు. ఒకసారి తెరిచాక తెరిచినట్టే. అర్ధరాత్రి వచ్చినా కాదనకూడదు."

"అర్ధరాత్రా! వచ్చినవాళ్ళకి ఏం పెడతారు?"

"పెట్టాల్సినవన్నీ నిన్ననే పెట్టేశాను, వరసగా. ఎవరికేది కావాలంటే అది తీసుకుంటారు. చాలకపోతే రేపు ఇంకొంచెం పెడతాను."

ఆయన కళ్ళు తెర మీంచి కదల్లేదు. రోకియాకు మాత్రం సంగతి అర్థమైపోయింది. ఈ మనిషి టౌనులో ఎవరో వంటవాళ్ళకు పురమాయించాడు, తనను ఆశ్చర్యపరుద్దామని దాచాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటి ముచ్చట మొదటిసారి. ఆమె వంటింట్లోకి వెళ్ళి, "మా ఆయన అన్నీ ముందే చూసుకున్నారు, మక్ బీబా. మనం ఊరికే ఒక పనసకాయ కూర చేసుకుంటే చాలు," అంది కాస్త గర్వంగా.

ఈలోగా ముంగిట్లో పందిరికి వెదుళ్ళు దిగాయి. మసీదు పళ్ళేలతో ఊరిపెద్ద మత్ నోహ్ స్వయంగా వచ్చాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. కొత్త ఊరిపెద్దను ఎంచే సమయం దగ్గరపడింది. ఇలాంటప్పుడు చెప్పాపెట్టకుండా ఊరందరికీ అన్నం పెట్టేవాడి మనసులో ఏముంటుందో ఆయనకు బాగా తెలుసు, తనూ అలా విందు పెట్టి ఊరిపెద్ద అయినవాడే.

సుత్తి దెబ్బలకు కంప్యూటర్ బల్ల అదురుతోంటే షర్కావీ విసుగ్గా కిటికీ తెరిచాడు. మక్ బీబా మొగుడు టార్పాలిన్ లాగి కడుతున్నాడు.

"ఎవరింట్లో పెళ్ళి?" అని అడిగాడు షర్కావీ.

"ఇది మరీ బావుంది! పిలిచిందేమో నువ్వు, అడిగేదేమో నన్ను!" అంటూ అతను తన సెల్‌ఫోను తీసి కిటికీలోంచి చూపించాడు.

షర్కావీ చదివాడు. తోక లేదు. మళ్ళీ చదివాడు. ఈసారి ముంగిలి మనసులో పెట్టుకుని చదివాడు. సాఫ్ట్‌వేర్ ఎవరెవరికి పంపిందో చూస్తే ఆఫీసు వాళ్ళు, అత్తవైపు వాళ్ళు, దురియన్ పళ్ళవాడు, చివరికి ఎప్పుడో ఒకసారి పైపు పగిలిందని ఫోను చేసిన ముసలావిడ కూడా ఉంది.

ఆయన రోకియాను వంటింటి మూలకు పిలిచి గుసగుసగా జరిగింది చెప్పాడు. రోకియా గరిట కింద పెట్టింది. ఆయనను అదే ఎక్కువ భయపెట్టింది.

"అయితే వంటవాళ్ళు లేరు," అంది.

"లేరు."

"నిన్న పెట్టేశానన్నారే?"

"ఫొటోలు. పాత మదర్‌బోర్డులవి."

"వినండి అబాంగ్. మా అమ్మ గుమ్మంలోంచి గానీ నా గుమ్మంలోంచి గానీ ఇంతవరకూ ఎవరూ ఆకలితో వెళ్ళలేదు. ఈరోజు ఒక్కరు వెళ్ళినా సరే, మీ పెట్టె సాయంత్రానికల్లా పేరాక్ నదిలో ఉంటుంది. తీగలతో సహా."

ఆమె అన్నదంటే చేస్తుంది. షర్కావీ ఆ పెట్టెను ముక్క ముక్క కూర్చి చేసుకున్నాడు, దాని లోపలి ప్రతి మరా ఆయనకు తెలుసు. వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు. బియ్యం డబ్బాలో చూస్తే అడుగు కనబడుతోంది. ముంగిట్లో చూస్తే జనం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల వల్లేనని మక్ బీబాతో అన్నాడు.

అప్పుడు లియోంగ్ వ్యాను వచ్చి ఆగింది. చైనీయుడైన లియోంగ్‌కు రోడ్డు అవతల కోళ్ళ ఫారం ఉంది. దాని లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్ పోయిన వానాకాలం చచ్చిపోతే, షర్కావీ మూడు రోజులు దాని పక్కనే కూర్చుని బతికించాడు. ఆ కృతజ్ఞత ఇన్నాళ్ళూ ఎలా తీర్చుకోవాలో తెలియక లియోంగ్ సతమతమవుతున్నాడు. వ్యాను తలుపు తీస్తే గంపల నిండా కోళ్ళు, ప్రాణాలతో.

"కోసి తెస్తే మీకు పనికిరావని తెలుసు. ఇమాం గారు ఉంటారుగా, ఆయన చేత్తోనే కానివ్వండి," అన్నాడు లియోంగ్.

ఆ తర్వాత షర్కావీ కళ్ళెదుటే ఇల్లు నిండింది. స్కూలు టీచరమ్మ, ప్రింటర్ బాగుచేయించుకున్నావిడ, బియ్యం మూట పంపింది. వైరస్ వదిలించుకున్న మెకానిక్కు కొబ్బరికాయలు దించాడు. పైపు పగిలిన ముసలావిడ అరటిగెల తెచ్చింది. ఖాళీ చేతులతో కెందురికి ఎవరొస్తారు? మధ్యాహ్నానికి పెద్ద కళాయిలో కొబ్బరిపాల కోడికూర కుతకుతలాడుతోంది, రోకియా కొంగు బిగించి దాని పక్కనే నిలబడింది. షర్కావీకి ఊపిరి ఆడింది.

చాపలు పరిచారు. అందరూ కూర్చున్నారు. అన్నం మీద చెయ్యి పడాలంటే ముందు దువా, అంటే ప్రార్థన, చెయ్యాలి. ఇమాం హాజీ బక్రీ గొంతు సవరించుకుని, "ఊఁ, షర్కావీ. దేని కోసం దువా చెయ్యమంటావు?" అని అడిగాడు.

పొద్దున్నుంచీ అందరి నాలుక చివరా ఉన్న ప్రశ్న అదే. మత్ నోహ్ మెడ సారించాడు. గుమ్మం తెర వెనక రోకియా గరిట పట్టుకుని కదలకుండా నిలబడింది. పొరపాటున పిలిచానంటే వచ్చినవాళ్ళకు అవమానం. వాళ్ళు లేచి వెళ్ళిపోతే, కూర కళాయిలో, పెట్టె నదిలో.

షర్కావీ ఏం అబద్ధం చెప్పాలో తోచక నిజమే చెప్పాడు.

"నా లామాన్‌కి ఎవరూ రారేమోనని భయపడ్డాను, తొక్ ఇమాం. రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. వచ్చేవాళ్ళు ఎప్పుడూ వస్తూనే ఉండాలని దువా చెయ్యండి. అంతే, ఇంకేం లేదు."

మక్ బీబా ముక్కు చీదింది. "పిచ్చివాడా, మేం రాకపోవడమేంటి!" అన్నాడు వెనకనుంచి ఎవరో. మత్ నోహ్‌కు పదవి మీద బెంగ తీరినట్టుంది, మొదటిసారి నవ్వి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇమాం చేతులెత్తి, ఈ లామాన్ ఎప్పుడూ కళకళలాడాలని దువా చేశాడు. ఆమీన్ అన్న శబ్దం కోళ్ళ ఫారం దాకా వినబడి ఉంటుంది. ఒక్కరు కూడా ఆకలితో వెళ్ళలేదు. కళాయి అడుగు గీకిన చప్పుడు వింటూ షర్కావీ పొట్ట పట్టుకుని హాయిగా నవ్వాడు, పొద్దున్నుంచీ ఆయన చేసిన మొదటి సుఖమైన పని అదే.

వెళ్తూ వెళ్తూ లియోంగ్ ఆగాడు. "నాలుగు మాటలు చెప్పి వెళ్ళమన్నారుగా, ఎక్కడ చెప్పాలి?"

షర్కావీ అతన్ని లోపలికి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. అది చూసి మిగతావాళ్ళు వరస కట్టారు. అందరూ ఒకే పెట్టె నుంచి రాశారు కాబట్టి లెక్క చూపే గడి మాత్రం ‘ఒకటి’ దగ్గరే భీష్మించుకు కూర్చుంది.

సాయంత్రం పళ్ళేలు తోమడం అయ్యాక రోకియా చేతులు తుడుచుకుంటూ వచ్చి భర్త భుజం మీంచి తెరలోకి తొంగి చూసింది. పెట్టె ఊసు ఆమె ఎత్తలేదు, ఆయనా గుర్తు చెయ్యలేదు.

"ఏం రాశారు?"

మదర్‌బోర్డుల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ‘కూర అదిరింది’. ‘పనసకాయ ఎలా వండారో చెప్పగలరు’. ‘కోళ్ళు మావే’. అన్నిటికన్నా కింద, ఊరిపెద్ద భార్య చె సోమ్ రాసింది: ‘అన్నీ బాగున్నాయి, కూరలో ఉప్పే కాస్త తగ్గింది’.

రోకియా ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది.

"లేవండి," అంది.

"ఎందుకు?"

"జవాబు రాయాలి. ‘ఉ’ ఎక్కడుంటుందో చూపించండి చాలు."

షర్కావీ లేచి చూపించాడు. ఆమె రెండు వేళ్ళతో చె సోమ్‌కు జవాబు రాసింది, తర్వాత పనసకాయ కూర రాసింది, ఆ తర్వాత అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ తనకు వచ్చిన వంటలన్నీ రాసింది. దేశమంతటినుంచీ జనం వచ్చి చదివారు. ఆ కుర్చీ షర్కావీకి మళ్ళీ ఖాళీగా దొరికింది రంజాన్ నెలలోనే, అదీ తిండి మాట ఎవరూ ఎత్తని పగటిపూట.