పదో అధ్యాయం

మా వీధిలోని బామ్మగారికి పుస్తకం చదివి వినిపించే విద్యార్థి సేవా సంఘం తన ఆశయాలన్నీ నెరవేర్చుకుని, దిగ్విజయంగా మూతపడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

బామ్మగారు నలభై ఏళ్ళు బట్టలు కుట్టారు. చూపు పోయే ముందు కొనుక్కున్న డిటెక్టివ్ నవల ఒకటి చదవకుండానే మిగిలిపోయింది. అందులో గడియారాల షాపు యజమానిని ఎవరు చంపారో తెలుసుకోవాలన్నది ఆవిడకు మిగిలిన ఒకే ఒక్క కోరిక. పై వాటాలో అద్దెకుండే ముగ్గురు కాలేజీ విద్యార్థులు ఆదివారాలు వచ్చి చదవసాగారు. ఒకడు చదివేవాడు, ఒకడు టీ పెట్టేవాడు, మూడోవాడు ఊరికే వినేవాడు. ఐదు వారాల్లో తొమ్మిది అధ్యాయాలు పూర్తయి, వంటవాడి మీద అనుమానం బలపడింది. తాము చేస్తున్నది సేవ అని అప్పటికి వాళ్ళకు తెలియదు.

ఆ సంగతి తెలియజేసినవారు ప్రిన్సిపాల్‌గారు. సేవ చేసిన గంటలకు మార్కులు కలుపుతామని ఆయన నోటీసు పెట్టించారు. మర్నాటికల్లా ముగ్గురూ అధ్యక్ష, ఉపాధ్యక్ష, కార్యదర్శులయ్యారు. పదవుల్లో ఉన్నవాళ్ళు పుస్తకం పట్టుకు కూర్చుంటే సంఘాన్ని నడిపేదెవరు? చదవడానికి అరవై మంది కార్యకర్తలను చేర్చుకున్నారు. బామ్మగారు మాత్రం ఒక్కరే ఉన్నారు. ఈ కొరతను సంఘం ఎంతో ఓర్పుతో భరించింది.

నియమావళి కూడా తయారైంది. మూడో నియమం ప్రకారం ఎవరి సేవ వారిది గనుక, ప్రతి కార్యకర్తా పుస్తకాన్ని మొదటి అధ్యాయం నుంచే ప్రారంభించాలి. మనిషికి ఒక గంట కేటాయించారు. గంట కాగానే, "పై సేవను కళ్ళారా చూశాను" అన్న వాక్యం కింద బామ్మగారి వేలు ఆనించి సంతకం పెట్టించుకునేవారు. ఆ ఏడాదిలో గడియారాల షాపు యజమాని అరవై సార్లు చనిపోయాడు. హంతకుడు ఒక్కసారీ దొరకలేదు.

వార్షికోత్సవంలో అధ్యక్షుడు, "మనం చదివింది పుస్తకం కాదు మిత్రులారా, ఒక గుండెను" అన్నాడు. చప్పట్లు ఆగలేదు. శాలువా కప్పించుకున్న బామ్మగారు, "పదో అధ్యాయం ఎవరైనా చదువుతారా నాయనా?" అని అడిగారు. సంఘం వెంటనే స్పందించింది. మూడో నియమాన్ని సవరించే విషయమై ఉపసంఘం వేసింది. ఆ ఉపసంఘం నాలుగుసార్లు సమావేశమై, నాలుగుసార్లు ఫొటో దిగింది.

ఇంతలో ప్రిన్సిపాల్‌గారు మారారు. కొత్తాయన మార్కులు కలిపే పద్ధతి ఎత్తేశారు. ఆ ఆదివారం ఎవరూ రాలేదు. బామ్మగారు తలుపు తీసిపెట్టుకుని మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చున్నారు. తర్వాతి ఆదివారం కూడా అలాగే కూర్చున్నారు.

చివరికి అధ్యక్షుడు ముగింపు నివేదిక పట్టుకుని వచ్చాడు.

"ఒక్క సంతకం బామ్మగారూ."

"పెడతాలే. ముందు పదో అధ్యాయం చదివిపెట్టు నాయనా. మొదలెట్టింది నువ్వేగా."

కుర్రాడు నిజంగానే సిగ్గుపడ్డాడు. కుట్టుమిషను మీదున్న పుస్తకం తీశాడు. మొదటి అధ్యాయం నలిగి పీలికలైంది. పదోది కొత్తగా, పెళపెళలాడుతూ ఉంది. రెండు వాక్యాలు చదివాడో లేదో ఫోన్ మోగింది. ఉద్యోగం ఇంటర్వ్యూ. గుమ్మంలో నిలబడి, వృద్ధుల ఒంటరితనం గురించీ, తన సేవ గురించీ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో సంతకం కూడా మరిచిపోయి పరుగెత్తాడు.

"బాగా మాట్లాడాడు. ఎక్కడికెళ్ళినా బతికేస్తాడు" అన్నారు బామ్మగారు నాతో మర్నాడు. ఆవిడకు వాడి మీద కోపం లేదు. నాకే ఉంది. ఆ కోపంతోనే ఇదంతా రాయడానికి పూనుకున్నాను.

వివరాల కోసం పదకొండుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. ప్రతిసారీ కుట్టుమిషను పక్కనున్న కుర్చీలోనే కూర్చున్నాను. పుస్తకం నా మోచేతికి తగులుతూనే ఉండేది. దాన్ని కాస్త పక్కకు జరిపి, నా కాగితాలు పెట్టుకుని రాసుకున్నాను.