కాటా ఎక్కిన నలభై మంది

చర్మం మూడు రకాలని పత్రికల్లో అచ్చు వేసే అయ్యలారా, ఈ గొడవకు మొదటి ముద్దాయిలు మీరే. జిడ్డు చర్మం, పొడి చర్మం, రెండూ కలిసిన చర్మం అని రాశారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దూది దుమ్ములో నిలబడే చర్మం ఏ రకమో రాయలేదు. మీరు వదిలేసిన ఆ భాగాన్ని ఆదోనిలో నరసప్ప అనే హమాలీ సొంత తెలివితో పూరించబోయాడు.

నరసప్పది చెడ్డ ఉద్దేశం కాదు. అతని భార్య హనుమక్క జిన్నింగు మిల్లులో యంత్రానికి పత్తి అందిస్తుంది. దుమ్ము పడి పడి ఆమె మోచేతులు, పిక్కలు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి. పడుకుంటే గోకుడు. ఆ గరగర వింటూ అతనికీ నిద్ర లేదు. ఒక ఆదివారం కట్టెలు వేయడానికి పోయిన ఇంట్లో, బడిపంతులు భార్య పద్మాబాయిని ఉపాయం అడిగాడు. ఆమె పత్రిక తెరిచి ఓపికగా చదివి చెప్పింది.

"పల్చటి కాగితం మొహానికి అంటించి చూడు నరసప్పా. మరక పడితే జిడ్డు చర్మం, పడకపోతే పొడి చర్మం. పొడిదైతే పొద్దున్నే ఆముదం పట్టించి, గంట నాననిచ్చి, సెనగపిండితో రుద్ది, గోరువెచ్చటి నీళ్లు పోయాల. రోజూ చేయాల."

"రోజూనా అమ్మా? తలంటు పండగలకు గదా."

"చర్మానికి పండగలు తెలవవు నాయనా."

సోమవారం తెల్లవారుతూనే నరసప్ప పని మొదలుపెట్టాడు. బీడీ కట్టకు చుట్టిన పల్చటి కాగితం చింపి భార్య నుదుటికి, బుగ్గలకు, మోచేతులకు అంటించాడు. పొయ్యిలోకి నిప్పు అడగడానికి వచ్చిన పక్కింటి మరియమ్మ, హనుమక్క ఒంటి నిండా ఆ ముక్కలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెదీ అదే మిల్లు.

"ఇన్ని సోట్ల కొట్టినావా నరసప్పా?"

"కొట్టలేదక్కా. ఈమె ఏ రకమో సూస్తాండా."

"పెండ్లయి పదేండ్లకు సూస్తాండావా?"

కాగితాల మీద ఒక్క మరకా లేదు. పొడి చర్మమని తేలింది. ఎమ్మిగనూరులో గానుగ ఆడే హనుమక్క అన్న పంపిన ఆముదం డబ్బా ఇంట్లో ఉంది. నరసప్ప దాన్ని భార్యకు మెడ నుంచి మడమల దాకా పట్టించి, "గంటసేపు గమ్మున కూసో మే" అని చెప్పి, కడవ తీసుకుని వీధి కుళాయికి పోయాడు. అక్కడ ఇరవై ఎనిమిది కడవలు ఉన్నాయి. నీళ్లు లేవు. అంతలో మిల్లు కూత వేసింది. కూత ఆగేలోపు గేటు దాటకపోతే ఆ రోజు పని లేనట్టే. హనుమక్క ఆముదం మీదనే చీర చుట్టుకుని పరుగెత్తింది.

ఇక చూడండి. యంత్రాల మధ్య ఎగిరే దూదంతా ఎక్కడికీ పోకుండా ఆమె మీదనే వాలింది. సాయంత్రానికి కళ్లు తప్ప మనిషి కనిపించలేదు. గేటు కావలి ఉచ్చీరప్ప పని, బయటికి పోయే ఆడవాళ్లు పత్తి దాచుకుని పోతున్నారేమోనని కొంగులు విదిలింపజేసి చూడడం. ఇరవై ఏళ్ల కొలువులో ఇంత బాహాటమైన దొంగతనం అతను చూడలేదు.

"ఏంది హనుమక్కా ఇది? ఆకరికి దాసుకొనేది గూడా లేదా?"

"అంటుకొనిందన్నా. దులిపితే పోలేదు."

మిల్లు షావుకారు వచ్చాడు. ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయనకు మనిషి కనిపించలేదు, సరుకు కనిపించింది. పత్తి తూచే కాటా ఎక్కించమన్నాడు. తొంభై మూడు రాత్తళ్లు తూగింది. అందులో హనుమక్క ఎంత, పత్తి ఎంత అన్నది ఎవరూ తేల్చలేకపోయారు.

"రేపటి నుంచి ప్రతి ఆడమనిషినీ వచ్చేటప్పుడు, పోయేటప్పుడు తూచండి. సాయంత్రం ఒక్క రాత్తల్ ఎక్కువ తూగినా పని లేదు. ముందు ఈ హనుమక్కను తీసేస్తా" అన్నాడు.

నరసప్పకు హమాలీ పని వారానికి మూడు రోజులు దొరికితే ఎక్కువ. మిగతా నాలుగు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది హనుమక్క కూలితోనే. భార్య ఒంటి మీది దూదిని సెనగపిండితో ఊడదీస్తూ అతను ఏడ్చినంత పని చేశాడు.

"నా వల్లనే ఇదంతా. రేప్పొద్దున నాలుగు రొట్టెలు ఎక్కువ తిని పో. సాయంత్రానికి తూకం సరిపోతాది."

"దొంగతనం సేయనిదానికి దొంగ తెలివెందుకయ్యా? రేపు గూడా ఆముదం రాయి."

"మళ్లానా?"

"ఈ పొద్దు ఒళ్లు దురద పెట్టలేదు. దాసితే గదా దొంగ, అంటుకొంటే ఏంది?"

సంగతి కనుక్కోవడానికి వచ్చిన మరియమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తడిమి చూసింది.

"ఇది నీ మోచెయ్యేనా, యాడన్నా బదులు తెచ్చుకొన్నావా?"

ఆమె వీధంతా చెప్పేసరికి, మర్నాటి పొద్దుటికి ఎమ్మిగనూరు డబ్బా ఖాళీ అయింది. మిల్లుకు నలభై మంది ఆడవాళ్లు ఆముదంతోనే వచ్చారు. కాటా మీద నిలబెట్టబోతే ఉచ్చీరప్ప చేతుల్లో నుంచి ఒక్కొక్కరూ జారిపోతున్నారు. తూకమేస్తే మనిషి చిక్కిపోతుందని కొందరు భయపడ్డారు. ధైర్యం చెప్పడానికి షావుకారే ముందు ఎక్కి చూపించాడు. నూట డెబ్బై ఆరు. గుమాస్తా అదీ రాసుకున్నాడు.

సాయంత్రం నలభై తెల్లటి ఆకారాలు వరసగా బయటికి వచ్చాయి. కౌతాళం నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు కాటా కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ల ఎద్దులు బెదిరి వెనక్కి నడిచాయి.

"హనుమక్క. పొద్దున తొంభై నాలుగు. ఇప్పుడు..." గుమాస్తా ఆగాడు. "తొంభై రెండు."

"మళ్లీ చూడు" అన్నాడు షావుకారు.

"తొంభై రెండేనండీ."

మరియమ్మ నూట ఆరు నుంచి నూట నాలుగుకు దిగింది. ఒంటి నిండా దూదితో తూచినా నలభై మందిలో ఒక్కరూ పెరగలేదు. పది గంటలు రేకుల కింద నిలబడి చెంబెడు నీళ్లతో గడిపితే మనిషి కరుగుతుంది. ఇది తెలియడానికి కాటా అక్కర్లేదు. షావుకారుకు కాటా తప్ప వేరే భాష రాదు, అంతే.

"సావుకారీ, మనిషికి రెండు లెక్కన మావి ఎనబై రాత్తళ్లు లోపలనే ఉండిపోయినాయి" అంది హనుమక్క. "ఉచ్చీరప్పన్నతో ఎతికించు."

ఉచ్చీరప్ప నిజంగానే లోపలికి రెండడుగులు వేశాడు.

"కాటా చెడిపోయింది" అన్నాడు షావుకారు.

దేవేంద్రప్ప అనే కౌతాళం రైతు బండి దిగి దగ్గరికి వచ్చాడు. "అట్లనా? పొద్దున మా ఊరి ముందు బండ్ల పత్తి దీంట్లోనే గదా తూసినారు."

"కాటా సరిగ్గానే ఉంది" అన్నాడు షావుకారు వెంటనే.

"సరిగ్గుంటే నువ్వు గూడా ఎక్కు" అంది మరియమ్మ.

రైతులందరూ చూస్తున్నారు. ఎక్కక తప్పలేదు. గుమాస్తా అలవాటు కొద్దీ గట్టిగా చదివాడు. నూట డెబ్బై ఎనిమిది.

"ఇంగ ఎతకొద్దులే ఉచ్చీరప్పన్నా" అంది హనుమక్క. "రెండు దొరికినాయి."

హనుమక్క పని నిలిచింది. కాటాను మళ్లీ పత్తికే వదిలేశారు. మిల్లు లోపల కుళాయి పెట్టిస్తానని షావుకారు అందరి ముందు ఒప్పుకున్నాడు. ఎప్పుడని అడిగితే వచ్చే సీజనుకు అన్నాడు. అందాకా నరసప్ప రోజూ సాయంత్రం గేటు బయట కడవతో నిలబడుతున్నాడు. నలభై మందికి ఒక కడవ. భార్యకు రెండు చెంబులు ఎక్కువ పోస్తాడని మిగతావాళ్లు రోజూ తిడతారు.

వచ్చే సీజను మాట కుదరదు. ఆదోనిలో ప్రతి జిన్నింగు మిల్లులోనూ ఈ వారమే కుళాయి పెట్టండి. తాగడానికీ కడుక్కోవడానికీ నీళ్లు ఇవ్వండి. సబ్బూ ఆముదమూ మిల్లు ఖర్చు మీద ఇవ్వండి. ఒళ్లు కడుక్కునే అరగంటకు కూలి కోయకండి. పొద్దున ఎంత మనిషి లోపలికి పోయిందో, సాయంత్రం అంత మనిషీ బయటికి రావాలి.