నాలుగో బెడ్ తాలూకు మనిషి

ఎమర్జెన్సీ గుమ్మం పక్కన గెస్ట్ రిలేషన్స్ బల్ల దగ్గర కూర్చునే అమ్మాయికి తోటివాళ్లు పెట్టిన పేరు నిదానం. కంగారుగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాటే చెబుతుంది గనక. ఆ రోజు మాత్రం తనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. రెండింటికి సూపర్వైజరు వచ్చి ఫిర్యాదుల పెట్టె తెరుస్తుంది. తన మీద ఒక్క కాగితం కూడా లేకపోతే ఉద్యోగం పర్మనెంటు, ఉంటే రేపట్నుంచి ఇంట్లోనే. అందుకే హాల్లో ఎవరినీ అయిదు నిమిషాలకు మించి పలకరించకుండా వదలకూడదని పొద్దున్నే గట్టిగా అనుకుంది.

తొమ్మిదింటికి ఛాతీలో నొప్పంటూ ఒక పెద్దాయన అంబులెన్సులో ఒంటరిగా వచ్చాడు. "మావాడు వెనకే వస్తున్నాడమ్మా," అన్నాడు. నాలుగో బెడ్ ఇచ్చారు. నిదానం హాల్లోకి చూసింది. మూల కుర్చీలో సంచీ ఒళ్లో పెట్టుకుని ఒకతను తెగ కాళ్లు ఊపుతున్నాడు. చెడిపోయిన మంచినీళ్ల మెషీను బాగుచేయడానికి వచ్చి, దాని తాళం ఇచ్చే నాథుడి కోసం పది నిమిషాలుగా ఎదురుచూస్తున్న మెకానిక్కు అతను.

"ఇంతసేపు కూర్చోబెట్టేశాం, ఏమనుకోకండి," అంటూ, కొడుకు ఇతనే అనుకుని, అతని మణికట్టుకి నాలుగో నంబరు పట్టీ చుట్టేసింది.

"లోపల పరిస్థితి ఎలా ఉందండీ?"

"నిదానం. డాక్టరుగారు అన్నీ చెబుతారు."

మెషీను గురించి డాక్టరు చెప్పడమేమిటో అతనికి అంతుపట్టలేదు. పెద్ద ఆస్పత్రి కదా, పద్ధతులు ఉంటాయనుకుని వెంట నడిచాడు. మంచం మీది పెద్దాయన అతని కుడిచెయ్యి గట్టిగా పట్టుకునేసరికి, వచ్చిన పని చెప్పడానికి నోరు రాలేదు.

పావుగంటకి అసలు కొడుకు పరుగున వచ్చాడు. బెడ్‌కి ఒక్కరే ఉండాలన్నది అక్కడి రూలు. సెక్యూరిటీ అడ్డుపడ్డాడు.

"నాలుగుకి కొడుకు వచ్చేశాడు సార్."

"కొడుకుని నేనయ్యా. మా నాన్నకి నేనొక్కణ్ణే."

సెక్యూరిటీ గొంతు తగ్గించాడు. "అది మీ ఇంటి విషయం సార్. నేను ఎవరికీ చెప్పను."

కొడుకు ముచ్చెమటలతో, ఇంటికి తాళం వేసి ఆటోలో వస్తున్న తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, నాన్నకి ఇంకో కొడుకున్నాడా?"

పది నిమిషాల్లో ఆవిడ దిగింది, కాళ్లకి రెండు రకాల చెప్పులతో. "ఎవడు వాడు? వాళ్లమ్మ కూడా వచ్చిందా?" హాల్లో జనం తమ తమ రోగుల్ని మర్చిపోయి ఇటు తిరిగారు.

నిదానం లోపలికి తొంగిచూసింది. నాలుగో బెడ్ పక్కన సంచీలోంచి పెద్ద స్పానరు కనబడుతోంది. కూర్చున్నది మంచినీళ్ల మెషీను మెకానిక్కు. తను చేసిన ఘనకార్యం ఒక్క గుక్కలో చెప్పేసి, దండం పెట్టి, తల్లీకొడుకులిద్దర్నీ లోపలికి తీసుకెళ్లింది. "ముందు ఫిర్యాదు కాగితం ఇవ్వండి," అన్నాడు కొడుకు. అడిగినవాళ్లకి ఇవ్వడం కూడా ఆమె డ్యూటీయే. పెన్ను కూడా ఇచ్చింది.

"ఇతను మనవాడు కాదండీ," అంది భార్య.

"చెయ్యి పట్టుకోగానే తెలిసింది," అన్నాడు పెద్దాయన. "చెబితే వెళ్లిపోతాడు కదా. భయమేసి ఊరుకున్నాను."

నిదానానికి కళ్లు చెమ్మగిల్లాయి. కాసేపటికి కొడుకు బయటికొచ్చి ఒక కాగితం మడిచి పెట్టెలో పడేశాడు. అది చూడగానే ఆ చెమ్మ కాస్తా ఆరిపోయింది.

రెండింటికి పెట్టె తెరిస్తే ఉన్నది ఆ ఒక్క కాగితమే. సూపర్వైజరు పైకే చదివింది. "పొద్దుట్నుంచీ ఇక్కడ చుక్క మంచినీళ్లు లేవు. మెషీను వెంటనే బాగుచేయించాలి. ఇట్లు, నాలుగో బెడ్ తాలూకు మనిషి."

"నీళ్ల సంగతి నీది కాదులే," అంటూ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

నిదానం ఊపిరి పీల్చుకుని ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. అక్షరాలు ఎడమచేత్తో రాసినట్టు అడ్డదిడ్డంగా ఉన్నాయి. లోపల నాలుగో బెడ్ దగ్గర, మెకానిక్కు కుడిచెయ్యి ఇంకా పెద్దాయన చేతిలోనే ఉంది.