రుచి అధికారి పిసరయ్య

ఒక పెద్ద అడవిలో జరిగిన చిన్న కథ ఇది. రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆ అడవికి రాజు సింహమే గానీ, మధ్యాహ్నం కునుకు తీసి లేచేదాకా ఆ సంగతి ఆయనకే గుర్తుండదు. కొత్వాలు ఎలుగుబంటికి తేనెపట్టు కనిపిస్తే దొంగ కనిపించడు. జింకమ్మగారు ప్రతి సభకూ వస్తారు, ఒక్క ముక్కా వినరు. సరే, వాళ్ళ గొడవ మనకెందుకు. కథ ఎలుకలది.

ఎలుకలు రాజుగారి పరుపు కొరికాయి. కోతి మంత్రి పక్క ఊరి నుంచి నీలం బిళ్ళలు తెప్పించాడు.

"తిన్నచోటే చస్తాయా?" అన్నాడు రాజు.

"అలా చస్తే పక్కవాడు ముట్టడు ప్రభూ. ఇది ఒంట్లో రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నాలుగైదు రోజులు నింపాదిగా పని చేస్తుంది, మన కచేరీలాగే."

ఎలుకలు మాత్రం తక్కువ తిన్నాయా? వాళ్ళకో పద్ధతి ఉంది. కొత్త తిండి ఏది దొరికినా ముందు రుచి అధికారి కొరకాలి. తెల్లారేసరికి ఆయన బతికుంటే ఊరంతా తినొచ్చు. ఆ పదవి పిసరయ్యది. దానితోపాటు మెత్తటి బొరియ, ఇంటింటి నుంచీ వేరుశనక్కాయలు.

పిసరయ్యకు ఉన్న లోపం ఒక్కటే, ప్రాణమంటే తీపి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏదీ రుచి చూడలేదు. మూతి తుడుచుకుని పడుకునేవాడు, తెల్లారి లేచేవాడు.

నీలం బిళ్ళకూ అంతే చేశాడు. తెల్లారి బొరియ ముందు ఒళ్ళు విరుచుకోగానే ఊరు ఊరంతా బిళ్ళల మీద పడింది.

ఆయన భార్య గరికమ్మ మాత్రం ముట్టలేదు. "మీరు తింటే నేనూ తింటాను."

"తిన్నాగా."

"మీతో కాపురం చేస్తున్నది నేనండీ, ఊరు కాదు."

రెండు మూడు రోజులకు ఊళ్ళోవాళ్ళు పాలిపోయారు. కొందరికి ముక్కులోంచి రక్తం కారి ఆగలేదు. చుంచు వైద్యుడు వచ్చి నాడి పట్టుకున్నాడు.

"నీరసం. బలమైన తిండి పడాలి. పిసరయ్యను చూడండి, ఎలా నిగనిగలాడుతున్నాడో. అవే బిళ్ళలు పూటకు రెండు వాడండి."

ఆ మాట విని పిసరయ్య కొరుకుతున్న వేరుశనక్కాయ పక్కన పెట్టేశాడు. నిజం చెబితే పదవి పోతుంది, పీక కూడా పోవచ్చు. చెప్పకపోతే ఊరు పోతుంది.

"పదవి పోతే నేను వదిలేస్తానని భయమా?" అంది గరికమ్మ. "మీ గుణం చూసి వదిలేసేదాన్నయితే ఎప్పుడో వదిలేద్దును. వెళ్ళి చెప్పండి."

పిసరయ్య వెళ్ళి ఎలుకల సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను తినలేదు పెద్దయ్యా. అసలు ఎప్పుడూ ఏదీ తినలేదు. ఆ బిళ్ళలే మనల్ని చంపుతున్నాయి, ఆపించండి."

ఊరికి పెద్దయిన మీసాల పెద్దయ్య ముక్కు తుడుచుకున్నాడు. "తెల్లారేసరికి నువ్వు బతికున్నావా, లేదా?"

"ఉన్నాను గానీ..."

"అయితే అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. విషమైతే తిన్న రాత్రే పోవాలి. ఎవరన్నా పోయారా? బిళ్ళలో తప్పు లేదు, నీలో ఉంది."

"మనల్ని భయపెట్టి, మిగిలినవన్నీ తనే మెక్కాలని ఎత్తు," అన్నాడు వైద్యుడు, గోడకు చేరగిలబడి.

తీర్పు చెప్పారు. పిసరయ్య పదవి ఊడింది. అతనూ అతని భార్యా బతికున్నంతకాలం నీలం బిళ్ళ ముట్టకూడదు. ఇంత కఠిన శిక్షా అని ఒకరిద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు.

వారం తిరిగేసరికి ఊరు ఖాళీ అయింది. ఆ ఎలుకల్ని తిన్న గుడ్లగూబలూ పోయాయి. ఇప్పుడు ఆ అడవిలో ఉన్న ఎలుకలన్నీ పిసరయ్య సంతానమే, లెక్కకు అందనన్ని.

నీతి: ఉద్యోగం అశ్రద్ధగా చేస్తే వంశం వర్ధిల్లుతుంది.