అరగంటలో సురబాయ

మకస్సర్ నుంచి సురబాయకు విమాన ప్రయాణ కాలాన్ని గంటన్నర నుంచి అరగంటకు తగ్గించినట్టు ప్రాంతీయ ప్రయాణ ప్రగతి కార్యాలయం ప్రకటించింది. కొత్త విమానాలు కొనలేదు. ఇంజన్ల జోలికి పోలేదు. ఇక్కడ పదింటికి లేచిన విమానం అక్కడ పదిన్నరకే దిగుతోందని ప్రధానాధికారి మప్పసెరే స్వయంగా టికెట్ చూసి కనిపెట్టారు. సురబాయ గడియారం మన గడియారం కంటే గంట వెనక నడుస్తుందన్న చిన్న విషయాన్ని ఆయన చిన్న విషయంగానే చూశారు.

కాలం మూడోవంతుకు దిగినప్పుడు దూరం మాత్రం మొండికేయడం ఏమిటని, ఎనిమిది వందల కిలోమీటర్లను రెండు వందల అరవై ఆరుగా దిద్ది విమానాశ్రయంలో బోర్డు పెట్టించారు. తిరుగు ప్రయాణానికి రెండున్నర గంటలు పడుతున్న సంగతీ ఆయన దృష్టికి వచ్చింది. అది సురబాయ అధికారుల బద్ధకమని తేల్చి ఘాటుగా ఉత్తరం రాశారు. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి.

ఈ ఘనకార్యాన్ని ప్రజలకు అంకితం చేసే రోజునే హజ్రాకు ప్రయాణం పడింది. సురబాయలో కాపురమున్న అక్క రోస్మిని తెల్లవారుజామున పోయింది. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననమని బావ వర్సితొ ఫోన్ చేశాడు. పది గంటల విమానం వేళకు లేస్తే ఆఖరిచూపు దక్కుతుంది.

పదింటికి విమానం మెట్లకు రిబ్బను కట్టారు. ప్రయాణికులను ఎండలో వరుసగా నిలబెట్టారు. మప్పసెరే మైకు అందుకున్నారు.

"మన ఆలస్యాన్ని రబ్బరు గంట అని లోకం ఎగతాళి చేసింది. రబ్బరు సాగడమే చూశారు వాళ్లు. ముడుచుకోవడం మనం చూపించాం!"

చప్పట్లు మోగాయి. హజ్రా వరుస దాటి ముందుకు వెళ్లింది.

"అయ్యా, మా అక్కకి మట్టి ఇచ్చేస్తారు. కాస్త తొందరగా కానివ్వండి."

"కంగారెందుకమ్మా? మీకు గంట మిగిల్చింది మేమే కదా! అందులోంచే వాడుకుంటున్నాం."

"అక్కడి గడియారం వెనక ఉంటే గంట ఎలా మిగులుతుందండీ?" అన్నాడు వెనక నుంచి ఒక బడిపంతులు.

"ఊరుకోండి మాస్టారూ! మనూరి పేరు పైకొస్తుంటే కడుపుమంటా?" అని పక్కవాళ్లే ఆయన నోరు మూయించారు.

తరువాత పకరెనా నాట్యం. మెల్లగా సాగడమే దాని అందం. ఆడపిల్లలు విసనకర్రలు విప్పి, మళ్లీ ముడిచేసరికి పదకొండున్నర. మధ్యలో కదిలితే మర్యాద కాదు కనుక ఎవరూ కదల్లేదు. గంటన్నర గాల్లో కూర్చుని దిగాక, అరగంటలో వచ్చేశామని ప్రయాణికులు ఒకరినొకరు అభినందించుకున్నారు.

హజ్రా శ్మశానం చేరేసరికి కొత్త మట్టి మీద పూలరేకులు చల్లి జనం వెనుదిరుగుతున్నారు.

"అరగంట దూరం నుంచి రాలేకపోయావా హజ్రా?" అన్నాడు వర్సితొ. "నమాజయ్యాక కూడా నీకోసం ఆపాను. ఎంతసేపని ఆపను?"

"మనసుంటే కదా నాయనా రావడానికి!" అంది అతని మేనత్త. "రెండొందల అరవై కిలోమీటర్లేనట. బస్సెక్కినా వచ్చుండేది."

"మధ్యలో సముద్రముందత్తా," అంది హజ్రా.

"ఇదివరకు ఉండేదేమో," అంది మేనత్త.

హజ్రా చేయి చాపి వాచీ చూపించింది. గంటన్నర గాల్లోనే ఉన్నానంది. ఎవరూ అటు చూడలేదు. వాచీ ఒక్క మనిషిది. పేపరు ఊరందరిదీ.